ఉప్పలయ్యకు పోసిన చాయ్

హెప్సిబా నవ్వుకుంటూనే చెప్పింది. బియ్యం చెరుగుతున్న లిదియా చేతిలో చేట మాత్రం అక్కడే ఆగిపోయింది.

"చచ్చినోనికి పెట్టిన చాయ్ తాగినవా బిడ్డా?"

"నాకేం ఎరుకనే అమ్మా. కిటికీల గ్లాసు పెట్టి ఉన్నది, నాకే అనుకున్న. కార్మికులు ఏమిచ్చినా కాదనకుంట తీసుకోవాలె, వాళ్లతోటి కలిసి కూసోవాలె, అప్పుడే మనసులది చెప్తరని మా మేడమే నేర్పింది."

పనిచేసే మనుషుల మనసు గురించిన చదువు హెప్సిబాది. ఏ పనికి ఎలాంటి మనిషి సరిపోతాడో తేల్చడం, అందుకు పరీక్షలు తయారుచేయడం, లెక్కలు కట్టడం పీజీ మొదటి ఏడాదిలో అయిపోయాయి. ఇప్పుడు ప్రాక్టికల్. తొర్రూరు రోడ్డులో ఒక పత్తి మిల్లుకు పోయి, సావిత్రి మేడం చూస్తుండగా, అక్కడివాళ్ల మాట వినాలి. ఆ మిల్లులో ఉప్పలయ్య అనే అతను మెడలోని రుమాలు మిషను బెల్టులో చిక్కుకుని చనిపోయాడు. అప్పటినుంచి ఆ మిషను దగ్గర ఎవరూ నిలబడటంలేదు. కరెంటు లేనప్పుడు కూడా అది తిరిగిన చప్పుడు వస్తుందంటారు. చాయ్ రాగానే ముందు అతని గ్లాసు నింపి పక్కనున్న కిటికీలో పెడతారు, పని దిగేటప్పుడు పారబోస్తారు. దాన్ని ఎవరూ ముట్టరు.

"తాగినంక వాళ్లేమన్నరు?"

"నా మొకం దిక్కే చూసిండ్రు. తెల్లారి నుంచి ఒక్కొక్కరే అచ్చి కూసుంటాండ్రు. నేనే ఉప్పలయ్య అన్నట్టు, అన్నా, అని మొదలుపెడ్తాండ్రు." ఈసారి హెప్సిబా నవ్వలేదు.

ఆటో తుడుస్తున్న భర్త జాన్సన్ బయటినుంచి కేకేశాడు. "ఫికర్ చెయ్యకే. నీ బిడ్డ పెట్టే ప్రశ్నలకు దయ్యమే బేజారై పోతది."

లిదియా చదివింది ఏడో తరగతి. చచ్చినవాళ్లకు పెట్టింది ముట్టకూడదని మాత్రం చర్చిలో చిన్నప్పుడే విన్నది. పాస్టరుగారికి చెబుదామంటే నోరు రాలేదు. ఆ రోజునుంచి కూతురిని కనిపెట్టి చూస్తూనే ఉంది. తీపి అంటే మొహం తిప్పుకునే పిల్ల చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర అడిగింది.

"ఆ ఉప్పలయ్య చక్కెర ఎక్కువ ఏసుకుంటుండెనా?"

"అవునట. నీకెవలు చెప్పిండ్రు?"

లిదియా మరిక ఆగలేకపోయింది. హెప్సిబా మిల్లుకు పోగానే, జాన్సన్‌ను ఆటో తీయమని తనూ వెనకే పోయింది. దూది నలుసులు ఎగురుతున్న షెడ్డు గుమ్మంలోనే సావిత్రి మేడం ఎదురొచ్చింది.

"నా బిడ్డను తీస్కపోత మేడం. ఈ చదువు మాకొద్దు."

"జర ఆగమ్మా. నీ బిడ్డ ముంగట కూసున్నామె ఉప్పలయ్య భార్య సమ్మమ్మ. ఇన్నాళ్లకు ఇయ్యాల్నే నోరు తెరిచింది." మేడం గొంతు తగ్గించింది. "వినుడు నేర్పిన. ఎక్కడ ఆగాల్నో నీ బిడ్డకు తెలుసో లేదో ఇప్పుడు చూడాలె. ఉప్పలయ్యే మాట్లాడినట్టు ఒక్క మాట అన్నా, ఈ పనికి పనికిరాదు."

పనికిరాకపోతే పోనీ. ఆ ఒక్క మాటతో కూతురు తనకు దక్కకుండా పోతుందేమోనని లిదియా భయం.

ఆగిన మిషను పక్కన హెప్సిబా కూర్చుని ఉంది. సమ్మమ్మ ఆమె కళ్లలోకి చూస్తూ అడుగుతోంది. "ఆ దినం పొద్దుగాల నీతోటి లొల్లి పెట్టుకున్న. మాట్లాడకుంటనే సద్ది కట్టిచ్చిన. కడసారి మొకం గూడ సూడనియ్యలే. నా మీద కోపం తోటే పోయినవా? ఒక్క మాట చెప్పు."

షెడ్డులో అందరూ పని ఆపారు. లేదు అంటే చాలు. ఆ ముసలి ప్రాణం నెమ్మదిస్తుంది. ఆ క్షణాన, అనేస్తే బాగుండునని లిదియాకే అనిపించింది. హెప్సిబా చెయ్యి లేచింది, సమ్మమ్మ తల దాకా పోయింది. పెదవులు కదిలాయి.

చెయ్యి వెనక్కి వచ్చింది.

"సమ్మక్కా, నేను హెప్సిబాను. ఆ చాయ్ తెల్వక తాగిన. ఆయన జవాబు నేను చెప్పద్దు."

"మరెవలు చెప్తరు బిడ్డా?"

సమ్మమ్మ ఆమె మోకాలి మీద తల ఆనించి ఏడ్చింది. ఆ ఏడుపు సన్నగిల్లేదాకా హెప్సిబా కదలలేదు. మిషను లోపల ఏదో గరగరమన్నట్టయి లిదియా చుట్టూ చూసింది. అందరూ తలలు దించుకుని ఉన్నారు.

మేడం బాగా చేశావని భుజం తట్టి పంపింది. ఆటో ఊరు దాటాక హెప్సిబా తల్లి చెవి దగ్గరికి వంగింది.

"నోటి దాక అచ్చిందమ్మా."

"ఏమచ్చింది?"

"లేదే సమ్మీ, అని."

"ఆమెను అట్ల ఎవలు పిలుస్తరు?"

"తెల్వదు. అక్కడ అందరు సమ్మక్కనే అంటరు."

లిదియా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "హెప్సిబా," అని పిలిచింది.

"ఆఁ."

కొంతదూరం పోయాక మళ్లీ పిలిచింది. వరంగల్‌లో ఇల్లు వచ్చేదాకా పిలుస్తూనే ఉంది. పిలిచిన ప్రతిసారీ, ఆ "ఆఁ" వినపడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది.