ఆ కొస పట్టుకో

పెనం మీద దోసె తిరగేస్తుంటే ఫోను మోగింది. శ్రీవాసవి తడిచేయి కొంగుకు తుడుచుకుని చూసింది. మొగుడు తేజేశ్వర్. ఊరికి పోలేదు, అంగడికీ పోలేదు. గోడకు అవతల హాల్లో సోఫా మీద కాళ్ళు చాపుకుని, వంటింట్లో ఉన్న పెళ్ళానికి వాయిస్ మెసేజీలు పంపుతున్నాడు. "వాసవీ, ధర్మవరం చీరల మూటలు ఈరోజు విప్పాల. ట్యాగులు తగిలియ్యాల. బొమ్మలకు చీరలు మార్చాల. ఆ, చట్నీ ఇంకొంచెం తీసుకురా." అన్నీ ఒకే గొంతుతో, ఒకే వరసలో. ధర్మవరం పట్టుకూ కొబ్బరి చట్నీకీ మధ్య ఊపిరైనా తీసుకోలేదు మహానుభావుడు.

రాజంపేట మెయిన్ రోడ్డులో వాళ్ళది బట్టల అంగడి. కింద గల్లా దగ్గర మామ గంగాధరం, కొనుగోళ్ళకూ లెక్కలకూ తేజేశ్వర్, మేడ మీద చీరల సెక్షనంతా శ్రీవాసవి. ఇంటి చాకిరీ ముగించుకుని పోతే షట్టరు దించేదాకా ఆమె నిలబడే ఉంటుంది. ఆమెతో పాటు చీరలు చూపించే ఆడవాళ్ళూ నిలబడే ఉంటారు. కుర్చీలు లేక కాదు. గోడ వెంబడి బారుగా ఉన్నాయి, చీరలు కొనడానికి వచ్చినవాళ్ళ మొగుళ్ళ కోసం. పని చేసేవాళ్ళు నిలబడి, ఏ పనీ లేనివాళ్ళు కూర్చునే చోటు అది.

ఆమె చేసేదాన్ని ఆ ఇంట్లో ఉద్యోగమనరు. "మా కోడలు అంగట్లో కొంచెం తోడుగా ఉంటాది" అంటాడు మామ, వచ్చినవాళ్ళతో. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, తన పుట్టింటి ఎమ్మిగనూరు మాటలో, "నాకూ నెల నెలా దుడ్లు ఇస్తే బాగుంటాది" అంది. అత్త రాజ్యలక్ష్మమ్మ పడీపడీ నవ్వింది. "దుడ్లంట దుడ్లు. మనంగట్లో మనకు జీతమేందమ్మా? నేనేమన్నా తీసుకున్న్యానా?" ఆ దుడ్లు అన్న మాట ఇంటిల్లిపాదికీ వేళాకోళానికి పనికొచ్చింది. జీతం సంగతి మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

జీతం లేకపోతే పోయె, మెప్పైనా దక్కాలి కదా. మెప్పంతా తేజేశ్వర్ ఫోనులో పంపే పనుల జాబితాలో ఉంది. అయిన పనికి ఫోనులో టిక్కు కొడితే అటునుంచి తేజేశ్వర్ బొటనవేలు బొమ్మ పంపుతాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ బొటనవేలు కోసం శ్రీవాసవి పరుగులు తీసింది. తిన్నదీ లేనిదీ మర్చిపోయి, ఎవరు పలకరించినా ఫోను చూస్తూనే పలికేది.

పట్టుచీర మడత పెట్టాలంటే ఇద్దరుండాలని ఆ అంగట్లో మొదట్నుంచీ పద్ధతి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస. గుంజి పట్టి, ఒక్కసారి దులిపి, ఎదురెదురుగా నడిచి కొసలు కలుపుతారు. ఒకరు రెండు కొసలూ అందుకుంటే రెండోవాళ్ళు వంగి కింది మడత పట్టుకుని వెనక్కి పోతారు. అట్లా దగ్గరికి వస్తూ దూరం పోతూ ఉంటే నోళ్ళు ఊరికే ఉంటాయా? ఎవరి బిడ్డ పరీక్ష తప్పింది, ఎవరి మొగుడు మళ్ళీ తాగి వచ్చాడు, అన్నీ అక్కడే తెలిసేవి. కొత్త కోడలికి మడత నేర్పింది కృపమణి, అంగట్లో అందరికన్నా పాత మనిషి. పుట్టిల్లు గుర్తొచ్చి శ్రీవాసవికి కళ్ళనీళ్ళు తిరిగినప్పుడల్లా "ఈ కొస పట్టుకో వాసవమ్మా" అని చీర చేతికిచ్చేది. ఆ చీర చాటున ఎవరికీ కనపడకుండా ఏడవనిచ్చేది.

పోయిన ఏడు తేజేశ్వర్ తిరుపతిలో ఏదో వ్యాపార శిక్షణకు పోయొచ్చాడు. ఒక చీరకు ఇద్దరు మనుషులా అని అప్పుడే కొత్తగా చూసినట్టు ఆశ్చర్యపోయాడు. బల్ల మీద అట్ట పెట్టి ఎవరికి వాళ్ళే మడత పెట్టే పద్ధతి తెచ్చాడు. పని తొందరగా అయ్యే మాట నిజమే. దాన్ని దగ్గరుండి అలవాటు చేయించింది మాత్రం శ్రీవాసవే. ఆ తర్వాత మేడ మీద మాటలు తగ్గిపోయాయి.

ఈమధ్య కృపమణి ఆమె వెనకాలే తిరుగుతోంది. "వాసవమ్మా, ఒక మాట." "తర్వాతక్కా, ట్యాగులు కానీ." "వాసవమ్మా, ఒక నిమిషం." "బొమ్మల చీరలు మార్చేసి వస్తానక్కా." ఆ నిమిషం రాలేదు. ఒకరోజు కృపమణి మెట్ల మీద మూట దించి గోడకు ఆనుకుని నిలబడితే, అలిసిపోయినట్టుంది అనుకుంటూ పక్కనుంచే దిగి వెళ్ళిపోయింది శ్రీవాసవి.

ఆ శనివారం పెళ్ళివాళ్ళు వచ్చి ఉన్నారు. మేడంతా చీరల కుప్పలు. కృపమణి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అంగడి వాళ్ళిచ్చిన యూనిఫారం చీర, ఉతికి ఇస్త్రీ చేసి ఉంది.

"ఒకటో తేదీ నుంచి నేను రానమ్మా."

"ఏం, కడపలో కొత్తగా పెట్టిన మాల్‌కు పోతాండావా అక్కా?" అనేసింది శ్రీవాసవి. ఎవరు మానేసినా మామ అడిగే మాట అది. అన్నాక ఆయన గొంతులా వినపడి సిగ్గేసింది.

కృపమణి నవ్వింది. "ఈ వయసులో నన్నెవురు పిలుస్తారు?"

"మరి ముందుగా ఒక మాట చెప్పకూడదా నాకు?"

"చెప్పాలనే గదా నీ ఎనకాల తిరిగింది. నీదేం తప్పులేమ్మా. నీకు యాడ తీరుతాది."

నిష్ఠూరంగా అని ఉంటే బాగుండేది. ఆ మనిషి జాలిగా అంది. అంగట్లో తనను చూసి జాలిపడే మనిషి ఒక్కతే ఉంది, ఆమెకూ తాను లేకుండా పోయింది. చేతిలో ఫోను మోగుతోంది. శ్రీవాసవి దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, గోడ దగ్గరికి నడిచింది. కుర్చీలన్నీ పెళ్ళివారి మగవాళ్ళతో నిండి ఉన్నాయి. "అన్నా, కొంచెం లేస్తారా?" అంది చివరాయనతో. తననేనా అని ఆయన అటూ ఇటూ చూసి, లేచాడు.

ఆ కుర్చీ తెచ్చి బల్ల వెనక వేసింది. "కూర్చో అక్కా."

"వద్దమ్మా, తేజేశ్వరన్న చూస్తాడు."

"చూడనీ. ఇంద, ఆ కొస పట్టుకో."

కూర్చున్న మనిషి చేతికి చీర కొస ఇచ్చి, రెండో కొస పట్టుకుని వెనక్కి నడిచింది. ఇద్దరి నడకా ఈసారి ఒక్కతే నడిచింది. దగ్గరికి వచ్చినప్పుడల్లా కృపమణి కొంచెం కొంచెం చెప్పింది. గర్భసంచి జారిందట. చాన్నాళ్ళే అయిందట. మూటలు మోయొద్దు, పొద్దంతా నిలబడొద్దు అంటోందట కడప డాక్టరమ్మ. "అన్నతో ఏమని చెప్పేదమ్మా? పెద్దాయనతో చెప్పేదా? మీ ఇంటోళ్ళలో ఆడదానివి నువ్వొక్కదానివే ఉండావు అంగట్లో. ఇంగ ఇంటికాడ పడుంటే పోతాదిలే అనుకున్యా. ఇల్లు గడిచేది మటుకు ఎట్లనో." శ్రీవాసవి చీర మడిచి పక్కన పెట్టి ఇంకోటి తీసింది. తర్వాత ఇంకోటి.

మెసేజీలకు జవాబు రాకపోయేసరికి తేజేశ్వర్ మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ వైపు చూశాడు, ఇద్దరి చేతుల్లో చీర చూశాడు. "ఏం చేస్తాండావు వాసవీ? పనులు యాడివి ఆడనే ఉండాయి."

"మాట్లాడతాండా."

"పనొదిలిపెట్టి మాటలేంది?"

"ఇదీ పనే. ఇన్నాళ్ళు ఎగ్గొట్టిన్యా. ఇంగ నుంచి ఈ అక్క మూటలు ఎత్తదు, ఆ పని కిందుండే మగపిల్లోళ్ళు చేస్తారు. మడతలు ఇద్దరిద్దరుగా పెడతాము. బల్లల ఎనక కుర్చీలు వేస్తాము."

"ఇట్లయితే కష్టం. ఇంకెవురన్నా అయింటే ఈ పొద్దే..." అని ఆగాడు.

"జీతమిచ్చే మనిషినైతే తీసేద్దురు. నన్నెట్ల తీసేస్తారు?"

చాలా మామూలుగా అంది. అన్నాక తనకే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు ఏడిపించిన విషయంలో ఇంత బలం దాగుందని ఎవరికి తెలుసు? తేజేశ్వర్ నోరు తెరిచి, పెళ్ళివాళ్ళంతా ఇటే చూస్తుండేసరికి మూసుకుని, దిగిపోయాడు. బల్ల మీది యూనిఫారం కవరు తీసి కృపమణి ఒళ్ళో పెట్టింది శ్రీవాసవి. ఆమె వద్దనలేదు.

భోజనాల దగ్గర తేజేశ్వర్ తండ్రికి ఫిర్యాదు చేశాడు, బేరాల వేళ కృపమణిని కుర్చీ వేసి కూర్చోబెట్టిందని. ఎందుకని అడిగాడు మామ. శ్రీవాసవి పెరుగు వడ్డిస్తూ చెప్పింది. "కృపక్కకు గర్భసంచి జారిందంట మామా. మన మూటలు మోసి మోసి." గంగాధరం చేయి కంచంలో ఆగింది. "మొగోళ్ళ ముందర ఏం మాటలే అవి" అని గదిమింది అత్త. పెరుగు మాత్రం అందరూ వేయించుకున్నారు.

మరుసటి రోజు ఆదివారం. వంటింట్లో అంట్లు రుద్దుతుంటే మిద్దె మీదినుంచి అత్త పిలిచింది. పైకి పోతే ఆరిన దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ గడ్డం కింద ఇరికించుకుని ఒక్కతే మడిచే మనిషి.

"ఆ కొస పట్టుకో" అంది.

"అంట్లు ఉండాయత్తా."

"ఉంటాయిలే, యాడికి పోతాయి."

శ్రీవాసవి కొస పట్టుకుంది. ఇద్దరూ దులిపారు, ఎదురెదురుగా నడిచారు. కొసలు కలిపేటప్పుడు రాజ్యలక్ష్మమ్మ ఆమె మొహం చూడలేదు, దుప్పటి అంచు చూసింది.

"ఆ కృపకు ఉండేది... నాకూ ఉండాది. శానా ఏండ్లాయె. నేనూ మోస్తిని గదా మూటలు. ఎవురితో చెప్పేది? మీ మామతో చెప్పేదా?"

శ్రీవాసవి వంగి కింది మడత అందుకుంది. మనంగట్లో మనకు జీతమేందమ్మా అని నవ్విన మనిషి ఈమేనా?

"బుధవారం కృపక్కను కడపకు పిల్చుకొనిపోతాండా. నువ్వూ రా అత్తా."

"ఇంట్లో పనెవురు చేస్తారు?"

"ఫోన్లో మెసేజీ పెడతాలే, మీ కొడుక్కు."

అత్త నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. "మొదట యెట్ల అయిందంటే..." అని ఎత్తుకుంది. అంతలో మడత పూర్తయిపోయింది. దుప్పటి నలుచదరంగా శ్రీవాసవి చేతుల్లో ఉంది. చెప్పాలా వద్దా అన్నట్టు అత్త ఆగిపోయింది.

శ్రీవాసవి దుప్పటిని మళ్ళీ పూర్తిగా విప్పి, ఒక కొస ఆమె చేతికిచ్చింది.