ఇరవై ఏడు హెజ్జెలు

మా అక్క పంకజాక్షి మీద నేను రాసిన పుస్తకం పేరు ‘హెజ్జె’, అంటే అడుగు. ఐదువందల ప్రతులు వేయిస్తే ఎనిమిది నెలల్లో చెల్లిపోయాయి. మూడు తరాలుగా బళ్లారి బజారులో పాత్రలమ్ముకునే మా ఇంట్లో ఇంత చురుగ్గా కదిలిన సరుకు ఇంకొకటి లేదు. రెండో ముద్రణకు ప్రెస్సువాళ్లు తొందరపెడుతున్నారు. నేనే ఆపాను. ఒక్క మనిషి మాట వినకుండా మళ్లీ అచ్చు వేయడానికి మనసొప్పలేదు. ఆ మనిషి అక్కే. పుస్తకం ఆమె చేతిలో పెట్టిన రోజు, “అచ్చు బాగుండాది” అంది. అంతే, ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు.

తెలియనివాళ్లకు జరిగింది చెప్పాలి. ముప్పై ఐదేళ్ల కిందట మా నాన్నకు సండూరులో కూడా ఒక అంగడి ఉండేది. అక్కడి గనుల యజమానుల క్లబ్బు వంటింటికి పాత్రలు మావే. ఆ చనువుతో అక్క పదేళ్లప్పటి నుంచి వాళ్ల ఎర్రమట్టి కోర్టులో టెన్నిస్ ఆడింది. ఇరవై ఒకటో ఏట అక్కడే పెద్ద పోటీలో ఫైనలుకు వచ్చింది. చివరి సెట్టు. గెలవడానికి రెండు పాయింట్లు కావాలి. అవతల దావణగెరె అమ్మాయి. ఆమె రెండో సర్వు కూడా గీత దాటిందని చెప్పారు. ఆ పాయింటు అక్కకు వచ్చింది. ఇంక ఒక్కటే కావాలి.

అప్పుడు అక్క నెట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, కాలివేళ్లకు మడమ ఆనిస్తూ, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టుకుంటూ సర్వీసు గీత దాకా నడిచింది. సరిగ్గా ఇరవై ఏడు. కూర్చున్నచోటి నుంచి నేను లెక్కపెట్టాను. గీత దగ్గర కాసేపు తలవంచుకుని నిలబడింది. మళ్లీ వచ్చి ఆ అమ్మాయికి చేయిచ్చి, “నేనింక ఆడను” అని అంపైరుతో చెప్పి బయటికి నడిచింది. మరెప్పుడూ పోటీకి దిగలేదు.

మా వైపు ఆడవాళ్లు మొక్కుకుంటే గుడి చుట్టూ అలాగే, పాదానికి పాదం ఆనించి తిరుగుతారు. హెజ్జె నమస్కారమంటాం. ఆ రోజు నా పక్కనున్న పెద్దావిడ, “బిడ్డ మొక్కు తీర్చుకుంటాంది” అని చేతులు జోడించింది. ఆ మాట ఊరంతా పాకింది. నా పుస్తకాన్ని దాని మీదే కట్టాను. గెలుపును గుమ్మం దాకా రప్పించుకుని దేవుడికి ఇచ్చేసిన మనిషని రాశాను. నిజం చెప్పాలంటే నమ్మి రాయలేదు. అక్క భయపడి పారిపోయిందనే నా లోపల ఉండేది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, “పిరికిదానా, మా పరువంతా తీసినావు” అన్నది నేనే. ఆ మాట కడుక్కోవడానికే మొక్కు కథ రాశాను.

చదివినవాళ్లకు మాత్రం అది తెగ నచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన సరోజినీదేవి గారు మహిళామండలిలో ఆ అధ్యాయం చదివి వినిపించి, ఇరవై ఏడు నక్షత్రాలకూ ఇరవై ఏడు అడుగులకూ లంకె ఉందని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కాలవ కింద వరి పండించే పున్నయ్య గారు ఫోను చేశారు. “ఏవండీ, మడికి నీళ్లు పెట్టి గట్టు మీద కూర్చుని చదివానండీ. మేం గింజ కూడా ఊరికే వదలం. ఆ తల్లి అంత గెలుపు వదిలేసింది చూడండి” అన్నారు. కుడతిని కరెంటు ప్లాంటులో ఇంజనీరు దీపక్, అది మొక్కూ కాదు మొగ్గా కాదు, మానసిక ఒత్తిడి అని డాక్టర్ల మాటలతో మెయిలు పంపాడు. పేరు లేని కార్డు ఒకటి వచ్చింది. “దావణగెరె వాళ్ల దగ్గర దుడ్డు తిన్నాది. అందరికీ తెలుసు” అని ఉంది. కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి నోరు మూయలేమంటారు. పాత్రల వ్యాపారిని, నాకు బాగా తెలియాల్సిన మాట. ఆ కార్డును మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

ఉగాది వెళ్లిన వారానికి, మధ్యాహ్నం పూట ఒక ముసలాయన అంగడి మెట్లెక్కాడు. ఎనభైకి దగ్గరగా ఉంటాడు.

“నాగేంద్రప్పా, గుర్తు పడితివా? నేను గాళెప్పను. సండూరు క్లబ్బులో కోర్టుకు సున్నం గీతలు గీసేవాణ్ణి.”

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. తాగి, గుడ్డసంచిలోంచి తుప్పుపట్టిన ఇనుప టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

“మా కోడలు నీ పుస్తకం చదివి వినిపిచ్చె. బాగ రాసినావు. అయితే అది మొక్కు కాదప్పా. కొలత.”

నాకు అర్థం కాలేదు.

“నెట్టు కాన్నుంచి ఆ గీతకు ఇరవైయొక్క ఫీట్లు. నా కాడ ముడులేసిన నూలు తాడు ఉండె. ముందునాడు ఒక పక్క గీసి టార్పాలిన్ కప్పితి. ఆ రాత్రి వాన కొట్టె. తాడు బయటే మర్సిపోతి. పొద్దున ఆ తడి తాడు పట్టే రెండో పక్క గీస్తి. తడిస్తే నూలు తాడు కురచైతాది గదా. జేనెడు తగ్గె. ఆ తొందరలో నాకు తోచలే.”

“అక్కకెట్లా తెలిసింది?”

“దినామూ ఆడేముందు, ఎవురూ రాకముందే, పాదాలతో అట్లనే కొలిచేది. ఇరవై ఎనిమిది రావల్ల. ఆ పొద్దు ఆలస్యమై కొలవలే. ఆ దావణగెరె పిల్ల బంతి పడిన చోటు చూసి అనుమానమొచ్చె. ఇరవై ఏడే వచ్చె, నేనూ పక్కనుంచి లెక్కబెడితి. బంతి సరిగ్గానే పడిందప్పా. గీతే తప్పు.”

“అంపైరుకు చెప్పొచ్చు కదా?”

“చెప్తే నన్ను ఆ పొద్దే తరిమేసేవాళ్లు. ఇంట్లో నలుగురు పిల్లలు. చెప్పకుండా ఆడితే ఆ పిల్లకు అన్యాయం. రెండూ చెయ్యలేక రాకెట్టు దించేసె.” టేపు నా వైపు జరిపాడు. “మర్నాడు వచ్చి, తాడుకు బదులు ఇది నా చేతిలో పెట్టె. ఒక్క మాట అనలే. ఇంట్లోవాళ్లకైనా చెప్పింటాదిలే అనుకుంటి. నీ పుస్తకం ఇంటే తెలిసె, అదీ లేదని. ఇప్పుడు నాకు పోయే కొలువు లేదు. నా పేరు రాయప్పా.”

ఆయనను బస్సెక్కించి, నేను ఇంకో బస్సెక్కాను. సండూరు తాలూకా బండ్రిలో అక్క హైస్కూలు పి.టి. టీచరు. వెళ్లేసరికి స్కూలు మైదానంలో ఖోఖోకు కొలతలు వేస్తోంది. తోడు ఎవరూ లేరు. చీర కొంగు బొడ్లో దోపుకుని, పక్కన సున్నం బకెట్టు పెట్టుకుంది.

“ఏమిరా, చెప్పాపెట్టకుండా వస్తివి?” అంది.

తుప్పు టేపు ఆమె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“గాళెప్ప బాగుండాడా? కండ్లు కనిపిస్తాండాయా ఆయప్పకు?”

“తన పేరు రాయమన్నాడు.”

“ఆయప్ప రాయమంటే రాయి. నాదేముండాది?”

“నాకైనా ఎందుకు చెప్పలేదక్కా, ఇన్నేండ్లు?”

అక్క సున్నం చేతులు దులుపుకుంది. కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

“నాయన క్లబ్బు మీదికి పోయి గలాటా చేస్తాడని ఆయనకు చెప్పలే. నీకు చెబుదామనే ఆ సాయంత్రం గడప మీద కూర్చున్నా. నువ్వొచ్చి పిరికిదానా అంటివి. ఆ తర్వాత ఎందుకని ఎవురూ అడగలే, నాగా. అందరూ వచ్చి నాకే చెప్పిరి. మొక్కనిరి, భయమనిరి, దుడ్డనిరి. నువ్వు రెండునూర్ల పేజీలు రాసిస్తివి. రాసేటప్పుడైనా వచ్చి అడుగుతావేమోనని చూసినా.”

పుస్తకం కోసం నలభైమందిని కలిశాను. అక్క దగ్గరికి ఐదుసార్లు వచ్చి పాత ఫోటోలు, సర్టిఫికెట్లు పట్టుకెళ్లాను. ఆ ఒక్కటి మాత్రం అడగలేదు. ఆమె బాధపడుతుందని అడగలేదనుకునేవాణ్ణి. అది అబద్ధం. అడిగితే నేనన్న మాట ఆమె నోట వినాల్సి వస్తుందని అడగలేదు.

“అక్కా,” అన్నాను, “గెలిచే ఆట వదిలేసినందుకు నీకు బాధ కాలేదా?”

ఆమె తుప్పు టేపును బకెట్టు పక్కన పెట్టింది.

“మూడేండ్లు రాకెట్టు పక్కన పెట్టుకొని పండుకొన్న్యా,” అంది. స్కూలు టేపు కొన నా చేతికిచ్చింది. “ఆ మేకు కాడ గట్టిగా పట్టుకో. చెప్తా.”

నేను మేకు దగ్గర కూర్చుని టేపు పట్టుకున్నాను. అక్క గీత గీసుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. సగం మైదానం అయ్యేదాకా నేను మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదు.