పాత రాణి వేరు కాపురం

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కూర్చుంటే కాళ్ళు లాగుతాయి, పడుకుంటే నడుం లాగుతుంది, ఇంకొకళ్ళు పనిచేస్తుంటే చేతులు లాగుతాయి. మా అబ్బాయి పంపుల ఫ్యాక్టరీలో మోటార్లు బిగిస్తాడు. "అమ్మా, నీకు స్విచ్ ఎక్కడుందో చెప్పు, కాసేపు ఆపేస్తాను" అంటాడు నన్ను చూసినప్పుడల్లా. ఆ నెలలో మాత్రం నా తిరుగుడుకు సరైన కారణమే ఉంది. కొడుకూ కోడలూ నాకు తెలియకుండా పట్నంలో గది చూసుకుంటున్నారు.

ఎలా తెలిసిందంటే, మా వంటింటికీ వాళ్ళ గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. నేను చెవి ఆనించలేదు, అవతలి మాటలే నా చెవిలోకి వచ్చి పడ్డాయి. గది ఫ్యాక్టరీకి దగ్గరని వాడన్నాడు. "అత్తయ్యకు నువ్వే చెప్పాలి" అని ఆమె అంది. అంటే వేరు పడతారన్నమాట. అడుగుదామంటే నోరు రాలేదు. అడిగితే అవుననేస్తారు, అడక్కపోతే ఇంకో రోజు కలిసి ఉంటామని నా ఆశ.

ఆ ఉక్రోషమంతా గొర్రెల మీద చూపించాను. బాగున్న కంచె విప్పి మళ్ళీ కట్టాను, కడిగిన తొట్టి మళ్ళీ కడిగాను. మావి ఉన్ని గొర్రెలు కావు, ఒంటిమీద పొట్టి జుట్టున్న రకం. ఎండలు ముదిరేసరికి ఆ జుట్టు దానంతటదే రాలిపోతుంది, కత్తెర పట్టే పని లేదు. రాలేటప్పుడు మాత్రం చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. రోడ్డు మీద టైర్ల దుకాణం ఆయన "మీ మేకలకు గజ్జి పట్టిందా పెద్దమ్మా?" అని అడిగాడు.

"తోక చూడు నాయనా. పైకి లేస్తే మేక, కిందికి వేలాడితే గొర్రె. మనుషుల్లో ఎలా పోల్చుకోవాలో నాకూ తెలీదు" అన్నాను. మామూలు రోజైతే ఆ మాటకు నేనే ముందు నవ్వేదాన్ని.

తేనెటీగలు కోడలివి. ఎక్కడో శిక్షణకు వెళ్ళొచ్చి, ఈగలున్న పెట్టె ఒకటి, ఖాళీ పెట్టె ఒకటి తెచ్చుకుంది. గొర్రెలు ఒళ్ళు రుద్దుకుని పడేస్తాయని స్థలం చివర, కంచెకు అవతల పెట్టింది. మేత వెయ్యక్కర్లేదు, పిలిస్తే పలకవు, ఇదేం పెంపకమే అని సణిగాను. ఈ ఇంట్లో నేను వేలు పెట్టనిది ఆ పెట్టె ఒక్కటే. పెడితే కుడతాయి కాబట్టి.

ఒక మధ్యాహ్నం ఆ పెట్టె నుంచి హోరు లేచింది. చూస్తే ఈగలు కుప్పలుగా బయటికి వచ్చి గాల్లో సుడి తిరుగుతున్నాయి. కోడలు తెల్ల దుప్పటి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అవీ పోతున్నాయా?" అన్నాను. ఆ 'అవీ'లో నేను దాచుకున్నదంతా ఉంది. ఆమె పట్టించుకున్నట్టు లేదు.

"పోవడం కాదత్తయ్యా, వేరు పడుతున్నాయి. పెట్టె ఇరుకైతే సగం ఈగలు వెళ్ళిపోయి ఇంకోచోట కాపురం పెడతాయి."

"కొత్తగా పుట్టే రాణిని వెంటేసుకునా?"

"కాదు, కొత్తది ఇంట్లోనే ఉంటుంది. పాత రాణే..." అని నాలుక కరుచుకుంది.

"ఊఁ, పాత రాణి?"

"వెళ్ళిపోతుంది" అంది, నా వైపు చూడకుండా.

అరికాలి మంట నెత్తికెక్కింది. "నన్ను పొమ్మంటున్నావా?"

"నేను ఈగల గురించి చెప్పానత్తయ్యా."

"నేనూ ఈగల గురించే అడిగాను."

ఇంతలో గుంపంతా కంచె పక్క చెట్టు కొమ్మకు ముద్దగా వేలాడింది. అది మళ్ళీ ఎగిరితే దొరకదట. పట్టుకోవడానికి ఇంకొకళ్ళు లేరు గనక ఖాళీ పెట్టె నా చేతుల్లో పెట్టి, కొమ్మ కింద నిలబెట్టింది. "కదలకండి. నిండా తేనె తాగి బయల్దేరాయి, ఇప్పుడు కుట్టవు" అంది. నన్ను కదలొద్దని శాసించినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. పెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆమె కొమ్మను ఒక్క కుదుపు కుదిపింది. బరువు దబ్బున పెట్టెలో పడింది. పెట్టెను దుప్పటి మీద దించాక, బయట రాలిన ఈగలు కూడా వరసకట్టి లోపలికి నడిచాయి. రాణి లోపలే ఉందనడానికి అదే గుర్తట.

అప్పుడు అడిగేశాను. "పట్నంలో గది ఎంతుంటుంది?"

కోడలు అబద్ధం ఆడలేదు. దుప్పటి అంచు సర్దుతూనే చెప్పింది. "ఒక్క గదే. నాకు వెళ్ళాలని లేదు. గొర్రెలంటే నాకూ ప్రాణమే. కానీ పెళ్ళై వచ్చినప్పటి నుంచి కూరలో ఉప్పు కూడా నేను వేసినంత ఉండలేదు. మీరొచ్చి రుచి చూసి మళ్ళీ వేస్తారు. గొర్రె ఈనితే మీరే, దానికి జ్వరమొస్తే మీరే. నేను పక్కన నిలబడి చూడాలి. ఈ ఈగల్ని ఎందుకు తెచ్చుకున్నానో తెలుసా? వీటికి మీరు భయపడతారని."

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో చెప్పలేను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, అదీ నా బాధ.

సాయంత్రం అన్నాల దగ్గర అబ్బాయితో అన్నాను. "వేరు పడేది నేను. స్థలం చివరున్న, మేత దాచే కొట్టు ఖాళీ చేసి సున్నం కొట్టించు."

వాడు మా ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాడు. "జనం ఏమనుకుంటారమ్మా?"

"టైర్ల దుకాణం ఆయన సంగతి నేను చూసుకుంటా. మిగతా జనాన్ని నువ్వు చూసుకో."

కోడలు మాత్రం ఒక్క మాటే అడిగింది. "మరి గొర్రెల దొడ్డి?"

ఇల్లు వదలడం తేలికే. దొడ్డి వదలడమే కష్టం. నీళ్ళు తాగి, "నీదే. పిలిస్తే వస్తాను, పిలవకపోతే రాను" అన్నాను.

కొట్టులో మంచం, పొయ్యి పెట్టుకున్నాను. నా కూరలో ఉప్పు నేనే వేసుకుని, ఎక్కువైందని నన్ను నేనే తిట్టుకున్నాను. పట్నం గది వద్దన్నారా లేదా అని అడగలేదు. నేను మాట తప్పి దొడ్డిలో అడుగుపెట్టిన రోజు వాళ్ళు సామాను సర్దుతారని మాత్రం నాకు గట్టిగా అనిపించేది. అందుకని ఆ వైపు కిటికీ తెరిచేదాన్ని కాదు. మూసిన కిటికీ ముందే రోజంతా పచార్లు చేసేదాన్ని.

ఒక ఉదయం గొర్రె అరుపు వినపడింది. ఆ అరుపు నాకు తెలుసు. లోపల పిల్ల కాలు మడతపడితే అలా అరుస్తుంది. చెప్పులు వేసుకోకుండా దొడ్డి గేటు దాకా పరుగెత్తి, గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయాను. కోడలు గొర్రె వెనక మోకాళ్ళ మీద ఉంది. నన్ను ఒక్కసారి చూసింది. పిలవలేదు.

గేటు ముందు కాలుకాలిన పిల్లిలా తిరిగాను. ముందు పిల్లను వెనక్కి తోసి, ఆ తర్వాత మడతపడ్డ కాలిని వేలితో తిప్పుకోవాలి. ఆమె మొదట లాగింది. తప్పు. నోరు తెరిచి, చేత్తో మూసుకున్నాను. ఒక్క మాట చెబితే పిల్ల బతుకుతుందేమో. ఆ మాటతో ఇల్లు ఖాళీ అవుతుందేమో. ఇంకోసారి లాగితే చెప్పేద్దామని ఊపిరి బిగబట్టాను. ఆమె ఆగి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా లోపలికి తోసింది. మోచెయ్యి తిరిగిన తీరు చూసి కాలు దొరికిందని తెలిసింది.

పిల్ల జారిపడింది. కదల్లేదు. కోడలు దాని మూతి తుడిచి, ఎండుగడ్డితో ఒళ్ళంతా రుద్దింది. రుద్దుతూనే ఉంది. చివరికి అది తుమ్మింది.

కోడలు తడి చేతులతో గేటు దగ్గరికి వచ్చింది. "పిలుద్దామనుకున్నానత్తయ్యా. పిలిస్తే మళ్ళీ మీ దొడ్డే అయిపోతుందనిపించింది. పిలవకపోతే పిల్ల చచ్చిపోతుందేమోనని భయమేసింది."

"నాకూ వేసింది" అన్నాను. "నోరు తెరిస్తే మీరు పట్నం వెళ్ళిపోతారని ఇంకా భయమేసింది."

ఆమె గడియ తీసింది. "ఆ గది వద్దని ఇంటివాళ్ళకు నిన్ననే చెప్పేశాం."

"నిన్ననే ఆ ముక్క నాతో చెప్పి ఉంటే ఈ చిత్రవధ తప్పేది కదే."

"చెప్పి ఉంటే ఇందాక గేటు దూకి వచ్చేసేవారు" అంది.

నిజమే. దూకేసేదాన్ని.