వెనకనించి చప్పుడు

అత్తగారితో వాదించడమంటే గోడతో మాట్లాడటమే. వెనకనించి ఎన్నిసార్లు పిలిచినా పలకదు. కాస్త చెవుడుంటే ఉండనీ, ఇంత పొగరేమిటని కోడలి ఉక్రోషం.

"అదిగో, రెప్ప వేసింది. దీని చెవులకేం, లక్షణంగా ఉన్నాయి," అంటుందావిడ, నాలుగు నెలల మనవరాలి మొహం ముందు ఫట్‌మని చప్పట్లు కొట్టి. ముప్ఫై ఏళ్ళు మరమగ్గాల షెడ్డులో అరిగిపోయిన మనిషి. ఆ రొదలో ఎవరినైనా పిలవాలంటే మొహం ముందు చప్పట్లు కొట్టాల్సిందే. ఇంట్లోనూ అదే అలవాటు.

పొద్దున టీకా వేసిన నర్సు మాత్రం వేరే మాట చెప్పింది. "ముందునించి కొడితే చేతుల గాలికే రెప్ప పడుతుందమ్మా. వెనకనించి చప్పుడు చేసి చూడు." ఇంటికొచ్చి కోడలు బట్టలుతికింది, వంట చేసింది, అంట్లు తోమింది. ఆ ఒక్క పనికే చేతులు రాలేదు.

మధ్యాహ్నానికి ఇక తప్పలేదు. బీరువా అద్దం ముందు అత్తగారిని కూర్చోబెట్టి, పాపని ఒళ్ళో పెట్టి, విషయం చెప్పింది. "నేను వెనక్కెళ్ళి పళ్ళెం మీద కొడతా. మీరు అద్దంలో దాని కళ్ళే చూస్తూ ఉండండి."

గరిటెతో ఠంగున కొట్టింది. ఏం లాభం, చప్పుడుకి తన రెప్పలే మూతపడి అద్దంలో పాప కళ్ళు కనపడలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. మూడోసారి పళ్ళెం సొట్టపోయింది.

"చూశారా? వేసిందా?"

ఆవిడ పాప కళ్ళలోకే చూస్తూ కూర్చుంది. కాసేపటికి విసుగ్గా తలెత్తి, అద్దంలో కోడలితో అంది:

"ఇంకా కొట్టవేం?"

కోడలు పళ్ళెం మంచం మీద పడేసి కూలబడింది. ఏడవడానిక్కూడా ఓపిక లేదు. అత్తగారు ఆ సొట్ట చూసింది, గరిటె చూసింది, పాపని చూసింది.

"కొట్టేశావా? ఇది రెప్పే వెయ్యలేదే," అంది మెల్లగా.

"ఎప్పట్నించి వినపడట్లేదు అత్తయ్యా?"

ఆవిడ కోడలి పెదాలు చూసి జవాబిచ్చింది. "చాలా ఏళ్ళే. చెబితే షెడ్డులోంచి పంపేస్తారని దాచా. తర్వాత దాచడమే అలవాటైపోయింది."

పాపని తనవైపు తిప్పుకుంది. ఈసారి చప్పట్లు కొట్టలేదు. బొటనవేలు పెదాలకి ఆనించి, మెల్లగా తీసింది.

"షెడ్డులో ఈ సైగని మంచినీళ్ళంటాం," అంది. "నువ్వూ చెయ్యి. మా ఇద్దరికీ పనికొస్తుంది."

కోడలు చెయ్యెత్తింది. పాప రెప్ప వెయ్యకుండా ఆ వేలినే చూసింది.