తీతువు ఎవరిని చూసి అరిచింది

అక్షరాలు వంకర పోతే మన్నించాలి, ఆలస్యమూ మన్నించాలి, అరవై దాటాక పలక పట్టిన చెయ్యి, అని చదవబోయేవాళ్లకు మనసులోనే చెప్పుకుంటూ రావమ్మ ఐసు పెట్టె మూత మీద పడవ రంగుతో గు రాసింది, కొమ్ము కిందికి జారింది, జారనీ, గుడ్లు అని తెలిస్తే చాలు, ఎండకు ఇసుక పెనంలా కాలుతోంది, తీతువు పిట్ట ఉప్పుకాలవలో పొట్ట తడుపుకొని వచ్చి ఆ తడితోనే నాలుగు గుడ్ల మీద కూర్చుంది, గూడని పేరే గానీ ఇసుకలో గుంట, చుట్టూ నాలుగు గవ్వ ముక్కలు, దీన్నా తీయించేస్తానంటాడు మరిది రత్తయ్య, వదినా, ఎల్లుండి వేట మొదలు, పడవ నీళ్లలోకి తొయ్యాలి, ఈ చావుపిట్ట దారిలో కూర్చుని అరుస్తుంటే గంగమ్మకు కొబ్బరికాయ ఎట్టా కొడతాం, మధ్యాహ్నం మనుషుల్ని తెచ్చి గుడ్లు తీయించేస్తా అన్నాడు పొద్దున, చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు వేట మానుకుని కూర్చున్న మనిషే ఆ మాటన్నాడు, చేప గుడ్డుకున్న ధర్మం పిట్ట గుడ్డుకు లేదా, పడవను నాలుగు బారలు పక్కకు లాగితే అరిగిపోతుందా.

పక్కనే ఉన్న తోడికోడలు చిట్టెమ్మ నవ్వింది, అక్కా, నీకూ ఆ పిట్టకూ బాగా కుదిరింది, ఎల్లుండి నువ్వు కూడా ఎదురు రాకేం అంది, నవ్వుతూ అన్న మాటకే ముల్లెక్కువ, ఎదురు రాకూడదట, ఆ పడవలోని వల చిరుగులన్నీ ఈ చేతులే కుట్టాయి, చేతులకు లేని అపశకునం మొహానికి ఎక్కడినుంచి వచ్చింది, బొట్టు చెరిపింది మీరే, చెరిగిందని జడిసేదీ మీరే.

మొగుడు చనిపోయిన ఏడూ ఇవే ఎండలు, ఇక్కడే చేటలో ఎండు చేపలు ఏరుతుంటే తీతువు గోల పెట్టింది, ఆ వెనకే రత్తయ్యా మరో నలుగురూ వచ్చి పడవ తిరగబడింది వదినా అన్నారు, పిట్ట ముందే చెప్పిందని ఊరంతా అంది, తానూ నమ్మింది, ఇదిగో ఇప్పుడూ లేచింది, తీతూ తీతూ అని రెక్కలు కొట్టుకుంటూ నెత్తి మీద తిరుగుతోంది, ఎవరూ కనపడరే, కాసేపటికి గానీ సరుగుడు తోట వెనకనుంచి రత్తయ్య తల కనపడలేదు, వెనక ఇద్దరు మనుషులు, రావమ్మ చేతిలో కుంచె ఆగిపోయింది.

లే వదినా, ఎండదెబ్బ తగులుద్ది అన్నాడు, ఆమె లేవలేదు, రత్తయ్యా, మీ అన్న పోయిన రోజు మీరు ఏ దారిన వచ్చారయ్యా అంది, ఏ దారేంటి వదినా, ఇదే కదా, ఈ ఇసుకలోంచే అన్నాడు, అని తన కాళ్ల కేసి చూసుకున్నాడు, గుడ్లకు రెండడుగుల దూరంలో ఉన్నాయి, ముందుకు వెయ్యబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు, అంతే, ఇన్నేళ్ల నింద ఇంతే, అది చావును చూసి అరవలేదు, తన పిల్లల మీదికి వస్తున్న కాళ్లను చూసి అరిచింది, ఏ తల్లయినా అంతే అరుస్తుంది, రావమ్మ కుంచె మళ్లీ ముంచి, తొందర లేకుండా, గుడ్లు ఉన్నాయి చుట్టూ తిరిగి వెళ్లండి అని పూర్తి చేసి, కింద రాసింది, ఒడుగు రావమ్మ, అరవై రెండేళ్లు, ఉండేది మంగినపూడి పల్లెపాలెం.