కలిసి ఏడ్చినవాడు

మా తోడికోడలు లచ్చమ్మకు హిమాయత్ సాగర్ పక్కన మిగిలింది ఒక్క మెట్ట చెలక. ఆమె పెనిమిటి, మా మరిది సోమయ్య సమాధి అందులోనే ఉంది. పెత్రమాసకు, పెద్దల అమావాస్య నాడు, ఆమె అక్కడే విస్తరి పెడుతుంది. ఇప్పుడు ప్లాట్లు వేసే కంపెనీ ఆ చెలక అడుగుతోంది. వాళ్ళిచ్చిన కాగితాన్ని, బస్సు బోర్డులు చూసి నేర్చుకున్న చదువుతో, నేనే కూడబలుక్కుంటూ చదివి చెప్పాను. సమాధి తీసేస్తారని అందులో ఉంది.

"పానం పోయినా ఇయ్య అక్కా," అంది లచ్చమ్మ. అయినా నాకు భయం పోలేదు.

మరునాడు కంపెనీ మనిషి రాఘవేందర్ మా ఇంటికి వచ్చాడు. భూమి మాటే ఎత్తలేదు. మంచినీళ్ళు తాగి, గోడ మీది ఫోటో చూసి, "మీ అమ్మగారా? ఎలా పోయారండీ?" అన్నాడు. అలా అడిగేవాళ్ళు లేక ఏళ్ళయింది. చెప్పాను. దవాఖానలో మా అమ్మ జొన్న గట్క అడిగింది. ఇంటికి పోయి వండుకొచ్చేసరికి ముఖం మీద బట్ట కప్పేశారు. నా చేతిలో గిన్నె ఇంకా వేడిగానే ఉంది.

"వేడిగానే ఉందా అమ్మా?" అని అతను మళ్ళీ అడిగాడు.

ఆ ఆదివారం ఆరాంఘర్ దారిలోని ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టి, భోజనాలకు రమ్మన్నారు. ఆడవాళ్ళను ముందు వరసల్లో కూర్చోబెట్టారు. మా ఇంట్లో పుస్తకంలా మాట్లాడిన రాఘవేందర్ మైకు పట్టుకోగానే మా యాస అందుకున్నాడు.

"భూమి సంగతి తర్వాత మాట్లాడుకుందం. మా అవ్వ దవాఖానల గట్క తాగుత బిడ్డా అన్నది. నేను తెచ్చేసరికి బట్ట కప్పిండ్రు. గిన్నె ఇంక ఉడుకుడుకే ఉండె." అక్కడ ఆగి, మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు.

మా ఊళ్ళలో ఎవరైనా చచ్చినవాళ్ళను తలచుకుని ఏడిస్తే పక్కవాళ్ళు ఊరికే చూడరు. మెడలు పట్టుకుని శోకం అందుకుంటారు. కలిసి ఏడ్చిన మనిషి ఇక పరాయివాడు కాడు. లచ్చమ్మ పెనిమిటిని తలచుకుని రాగం ఎత్తింది. హాలంతా ఏడ్చింది. నా కళ్ళూ కారాయి. ఆ తల్లి మా అమ్మేనని ఆ తర్వాత గాని తట్టలేదు. తట్టగానే ఒళ్ళంతా జిగట పూసినట్టయింది.

లేచి నిలబడ్డాను. "సారూ, ఆ అవ్వ నీది కాదు. మా అమ్మ. మొన్న నేనే చెప్పిన నీకు."

అతను రెప్ప కూడా వేయలేదు. దిగి వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. "అవునవ్వా. నీ అమ్మ నాకు అమ్మ గాదా," అన్నాడు, మైకులోనే. చప్పట్లు మోగాయి.

"కూసో చంద్రమ్మత్తా," అన్నారెవరో వెనక నుంచి. "పిలగాడు ఏడుస్తుంటే నడుమ నీ పంచాది ఏంది."

లచ్చమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని సంతకాల బల్ల వైపు నడిచింది. చేయి పట్టుకుని ఆపాను.

"నీ పెనిమిటి ఆడ పండుకున్నడే."

"పొద్దుగాల దాక ఇయ్యొద్దనే అనుకున్న అక్కా. గంతగనం ఏడ్చిండు, నేను గూడ ఏడిస్తి. ఇగ మొకం మీద ఎట్ల కాదంట?"

"ఆడు ఏడ్చింది నా ఏడుపు గదనే."

"ఎవరిదైతేంది. మా ఆయనను తల్సుకొని నాతోని ఇంకెవరన్న ఏడ్చిండ్రా, ఇన్నేండ్లల్ల?"

చేయి వదిలేశాను.

రాఘవేందర్ ఆమె బొటనవేలును, చంటిపిల్ల వేలు పట్టినంత మెత్తగా పట్టుకుని, సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు. ఒత్తుతూనే ఆమె తల మీదుగా చూసి తరువాతి మనిషిని రమ్మని సైగ చేశాడు. అతని చెంపల మీద తడి ఇంకా ఆరలేదు.

బయటికి వచ్చి, చెప్పుల కుప్ప పక్కన గోడకు ఆనుకుని కక్కాను. లోపల వడ్డన మొదలైందని పిలుస్తున్నారు.