పైవాని భార్య

"ఏమే, మా తాతల కత యాడిదాకా వచ్చింది?"

సోఫాలోంచే అడిగాడు దయానంద్. దోసెపిండి రుబ్బుతున్న గ్రేసీకి ఒళ్లు మండింది. వారమంతా పూతలపట్టు బడిలో ఇంగ్లీషు చెప్పి గొంతు పోగొట్టుకుని, శనివారాలు చిత్తూరు చర్చిలో మొగుడి తాతల పేర్ల కోసం పాత బాప్తిస్మపు రిజిస్టర్ల ముందు కూర్చునేది తను. తెల్లదొరల గొలుసుకట్టు ఇంగ్లీషు, వెలిసిపోయిన సిరా, కళ్లు లాగేస్తాయి. రేపు బంధువుల ముందు వంశవృక్షం ఫ్లెక్సు కట్టి చప్పట్లు కొట్టించుకునేది మాత్రం ఈయన.

ఇంట్లో మొదట బాప్తిస్మం పొందింది ఈయన తాత చెంగల్రాయుడు. దొర ఆయన పేరు, ఊరు, చేసే పని అన్నీ రాశాడు. కింది వరసలో 'పైవాని భార్య' అని రాసి ఊరుకున్నాడు. పిల్లల బాప్తిస్మాల దగ్గరా అంతే. సరే, దొరకు తెలియదనుకుందాం. దొరలు పోయాక మనవాళ్లే రాసిన సమాధుల రిజిస్టరులోనూ ఆమె చెంగల్రాయుడి భార్యే! చచ్చాకైనా ఒక పేరు రాయకూడదా?

ఆమె పేరేంటని అత్త నాగులమ్మను అడిగింది.

"అత్త పేరు నోటితో అంటారా ఎవురైనా? సచ్చిందాకా ఆమెకు సాకిరీ నేనే సేసినా. మామ 'ఏమే' అనేటోడు, నేను 'అత్తా' అనేదాన్ని. పేరేందని అడగనే లేదే తల్లీ," అంటూ ముసలమ్మ కళ్లొత్తుకుంది.

దయానంద్‌కు చెబితే నవ్వాడు. "అవ్వ పేరు ఎవురికి గావాల? చెంగల్రాయుడి భార్య అని ఏసెయ్. పని అయిపోతాది."

అంతలో ఫ్లెక్సు కొట్టే ప్రతాప్ రానే వచ్చాడు. "మా తాత కాణ్నించి నా కొడుకు దాకా అంతా నేనే బయటికి తీసినానప్పా," అంటున్నాడు దయానంద్. గ్రేసీ చెయ్యి కడుక్కుని కాగితాలు తీసింది. మొగుడి పేరు పక్కన, తన గడిలో, ఈయన పెన్సిలుతో ముందే రాసిపెట్టాడు: దయానంద్ భార్య.

"ఏమే! ఆ కాగితాలు తే."

ఈ 'ఏమే'కు ఇన్నేళ్లుగా పరిగెత్తింది తనే కదా! గ్రేసీ కాగితాలు ఒళ్లో పెట్టుకుని వంటింటి పీట మీద కూర్చుంది. దయానంద్ విసుక్కుంటూ గుమ్మం దాకా వచ్చాడు.

"సెవుడా? పిలస్తా ఉంటే పలకవే?"

"పేరు పెట్టి పిలవండి, ఇస్తాను," అంది గ్రేసీ. "పెళ్లిలో పాస్టరు గారు చెప్పిస్తే ఒకసారి అన్నారు కదా, ఆ పేరే."